మా వంటింటికి గంజాయి లెక్క

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడ ఒమన్‌లో, మస్కట్ దగ్గర మబేలాలో మా రూమ్‌లో ఏం జరిగిందో చెప్తా, నవ్వకుండా వినండి. ముగ్గురు ఆడవాళ్ళం ఏసీ ఆపేసుకుని, నానబెట్టిన పెసరపప్పు, పచ్చి వంకాయ ముక్కలు ముందు పెట్టుకుని నేలమీద కూర్చున్నాం. చేతిలో డబ్బుల్లేక కాదు. ఉపవాసమూ కాదు. డైటింగ్ అసలే కాదు. అమెరికాలో గంజాయి వ్యాపారం చేసేవాళ్ళకి ఒక పన్ను రూల్ ఉంది. దాన్ని నేను తెచ్చి మా వంటింటికి పెట్టాను. అదీ సంగతి.

ముందు నా గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఇందులో తప్పెవరిదో మీకు డౌటొస్తుంది.

నాది ప్రొద్దుటూరు. ఇంటర్ సగంలో ఆపేశాను. మిగతా చదువంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. నాకున్న జబ్బేందంటే ఏదీ చివరిదాకా వినలేను. సగం వినేసరికి చేతులు దురద పెడతాయి. జుట్టు కత్తిరించడం సగం నేర్చుకుని మా రూమ్‌లో ఉండే ముంతాజ్‌కి నుదుటి మీది వెంట్రుకలు కత్తిరించాను. రెండు నెలలు పాపం స్కార్ఫ్ కనుబొమల దాకా లాక్కుని తిరిగింది. అరబిక్ సగం నేర్చుకుని కూరగాయల కొట్లో బేరమాడాను. కొట్టాయన నవ్వి నవ్వి ఒక కట్ట కొత్తిమీర ఊరికే ఇచ్చాడు. బేరం గెలిచానని రూమ్‌కి వచ్చి చెప్పుకుంటే, "గెలవలేదే పిచ్చిదానా, జాలిపడ్డాడు" అన్నది ముంతాజ్.

నా ఉద్యోగం ఒక అకౌంట్స్ ఆఫీసులో. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు టేబుళ్ళు, ఒక ప్రింటరు, ఒక సార్. కరక్ చాయ్ కొట్లు, మంగలి షాపులు, ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్ళు సంచుల్లో బిల్లులు తెచ్చి రెండో టేబులు మీద పడేస్తారు. వాటిని సాపు చేసి స్కాన్ చెయ్యడం, ఫోన్లు ఎత్తడం నా డ్యూటీ. లెక్కలన్నీ సార్ చూసుకుంటారు. సార్ మలయాళీ. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటాం. అది ఇద్దరిదీ కాదు కాబట్టి ఎవరూ ఎవరినీ వెక్కిరించే పని లేదు.

నెల కిందట సార్ నన్ను పిలిచి తలుపేశారు. తలుపేసేంత రహస్యం మా ఆఫీసులో అంతకుముందు ఎప్పుడూ లేదు.

"అమెరికాలో మా బావమరిది పనిచేసే ఆఫీసు నుంచి ఒక ఫైలు రావచ్చు. ఒక హెంప్ రైతు లెక్కలు. నీకు హెంప్ అంటే తెలుసా?"

"తెలుసు సార్," అన్నాను. తెలీదు.

సారే చెప్పారు. హెంప్, గంజాయి ఒకే జాతి మొక్కలట. మత్తు దాదాపు లేనిది హెంప్. దాన్నుంచి నార, గింజలు, నూనె తీస్తారు. మత్తు ఉన్నది గంజాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గంజాయి కొట్లు పెట్టుకోనిస్తాయి గానీ, పైన ఉన్న పెద్ద గవర్నమెంటు పుస్తకంలో అది ఇంకా నేరమే. నేరమైనా పన్ను మాత్రం వదలరు. తేడా అంతా ఇక్కడే ఉంది. హెంప్ పండించేవాడు మామూలు వ్యాపారి. వచ్చిన డబ్బులోంచి సరుకు ఖరీదు, అద్దె, జీతాలు, కరెంటు, ప్రచారం అన్నీ తీసేసి మిగిలినదాని మీద పన్ను కడతాడు. గంజాయి వ్యాపారికి ఆ భాగ్యం లేదు. సరుకు ఖరీదు ఒక్కటే తియ్యనిస్తారు. అద్దె కట్టాడా, కట్టుకోనీ. జీతాలిచ్చాడా, ఇచ్చుకోనీ. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ ఖర్చులు పెట్టనట్టే.

"మన దగ్గరికి వచ్చేది హెంప్ ఫైలే," అన్నారు సార్ గొంతు తగ్గించి. "ఆ రెండో మాట ఈ దేశంలో గట్టిగా అనకు. కానీ రెండిటికీ తేడా తెలియనివాళ్ళకి వాళ్ళు ఫైలు ఇవ్వరు. అందుకని ఒక పేపర్ పంపారు. నువ్వు చేస్తావా?"

పేపర్లో ఇద్దరు రైతులు. ఇద్దరికీ ఒకే కొలత పొలం, ఒకే అద్దె, ఒకే కరెంటు బిల్లు, సరిసమానంగా పనివాళ్ళు. ఒకరిది హెంప్, ఒకరిది గంజాయి. ఇద్దరికీ పన్ను లెక్క కట్టాలి. అది సరిగ్గా వస్తే ఫైలు నాది, రెండో టేబులు నాది. రాకపోతే లెక్కలు చదువుకున్న మనిషిని ఎవర్నైనా ఊరి నుంచి తెప్పిస్తానన్నారు సార్. రెండు టేబుళ్ళ ఆఫీసులో అప్పుడు మూడో మనిషి ఎక్కడ కూర్చుంటుందో అడగడానికి నాకు నోరు రాలేదు.

అదే రోజు వీడియోలు మొదలుపెట్టాను. హెంప్ ఏముంది, అన్ని ఖర్చులూ లెక్కలోకి వచ్చేస్తాయి, ప్రాక్టీసు అక్కర్లేదు అనుకున్నాను. గంజాయి రూలే కష్టం. దాన్ని చెయ్యి తిరిగేదాకా చెయ్యాలంటే నిజమైన లెక్క ఒకటి కావాలి. ఎవరి లెక్క దొరుకుతుంది? ఆఫీసు బిల్లులు ముట్టుకుంటే సార్ ఊరుకోరు.

అలా రెండు వారాలు గడిచాక, ఫ్రిజ్ పక్కన మేకుకి మా మెస్ పుస్తకం వేలాడుతూ కనిపించింది.

మా రూమ్‌లో ముగ్గురం. సరోజక్కది రాజోలు దగ్గర. ఇక్కడ ఒక స్కూల్లో క్లీనింగ్ డ్యూటీ. వంట ఆమెదే, ఎందుకంటే మేమిద్దరం వండితే ఆమె తినదు. ముంతాజ్‌ది హైదరాబాదు. అబాయాలు, అంటే ఇక్కడి బురఖాలు, కుట్టే షాపులో పని. ఎవరు ఏం కొన్నా పుస్తకంలో రాస్తాం. నెలాఖరున మొత్తం కూడి మూడు భాగాలు చేస్తాం. తక్కువ పెట్టినవాళ్ళు ఎక్కువ పెట్టినవాళ్ళకి ఇస్తారు. నాలుగేళ్ళుగా ఒక్క గొడవ లేదు.

"రెండు వారాలు ఈ పుస్తకం నేను రాస్తా. పరీక్షకి ప్రాక్టీసు," అన్నాను.

"రాసుకో తల్లీ. పాసవ్వాలి గానీ," అంది సరోజక్క.

"నాకు హిసాబ్‌లో తేడా వస్తే మాత్రం చూడు," అంది ముంతాజ్.

ఆ రోజు రాత్రి అన్నాలప్పుడే రూల్ చదివి వినిపించాను. "ఇప్పట్నుంచి మన వంటిల్లు గంజాయి కొట్టు అనుకోండి."

సరోజక్క చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఏవనుకోవాలి?"

"లెక్కకి మాత్రమే అక్కా. సరుకు ఖరీదు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె వస్తాయి. గ్యాస్ రాదు. కరెంటు రాదు. గిన్నెలు తోమే సబ్బు రాదు."

"గ్యాస్ ఎందుకు రాదే?"

"గ్యాస్ మనం తినం కదక్కా."

ముంతాజ్ నా వైపు కన్నార్పకుండా చూసింది. "మన రూమ్‌లో గ్యాస్ ఎవరు కొంటారు?"

"సరోజక్క."

"కరెంటు బిల్, సబ్బు?"

"నువ్వు."

"బియ్యం, కూరగాయలు?"

"నేను," అన్నాను. అన్నాక గానీ ఆమె ఎటు పోతోందో నాకు అర్థం కాలేదు. ఒట్టు, నిజంగానే అంతకుముందు తోచలేదు. మా ఆఫీసు కింద కూరగాయల కొట్టుంది కాబట్టి అవి నేను తెస్తాను, అంతే.

"అచ్ఛా. మంచి చట్టం," అంది ముంతాజ్. "రాసినోళ్ళకి బాగా పనికొచ్చే చట్టం."

సరోజక్కే సర్దిచెప్పింది. "పోన్లేవే, రెండు వారాలేగా. పిల్ల పరీక్ష."

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. మూడో రోజు నాకు ఆఫీసు తెమలక, నా బదులు సరోజక్క పెద్ద మార్కెట్టుకి టాక్సీలో వెళ్ళి బియ్యం బస్తా తెచ్చింది. పోను టాక్సీ, రాను టాక్సీ రెండూ పుస్తకంలో రాయమంది. నేను అప్పుడే ఒక వీడియోలో చూసి ఉన్నాను. సరుకు కొట్టుకి చేర్చిన బాడుగ సరుకు ఖరీదులో కలుస్తుందట. అంతకంటే ఆనందం నాకు ఆ వారంలో లేదు.

"వచ్చేటప్పటిది రాస్తానక్కా, బస్తా ఉంది కాబట్టి. వెళ్ళేటప్పటిది రాదు."

"మరి నేనెలా వెళ్ళాలి?"

"నడిచి."

"వచ్చేటప్పుడు మాత్రం టాక్సీలో రావాలి?"

"చట్టం ప్రకారం అంతే. అది కూడా మొత్తం రాదక్కా. అందులో నువ్వు కూడా కూర్చున్నావు కదా. బస్తా వంతు మాత్రమే రాస్తా. సగం."

సరోజక్క బస్తా వైపు చూసింది, తన వైపు చూసుకుంది. "బస్తాకీ నాకూ సమానంగా పంచేవా? నయం, దాని కింద నన్ను జమకట్టలేదు."

ఇలా రెండు వారాలు నడిచాయి. ముంతాజ్ గిన్నెల సబ్బు తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. కావాలంటే ఒక్కో చుక్క పోసేది, "ఇది లెక్కలో లేని సరుకు, మొహమాటానికి ఇస్తున్నా" అంటూ. నేను ప్రతిరోజూ నీట్‌గా గీతలు గీసి, రానివాటికి ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టి, పేజీ చూసుకుని మురిసిపోయేదాన్ని. గురువారం రెండు పనులు పూర్తి చేశాను. మెస్ లెక్క మూసేశాను. దాని ప్రకారం వాళ్ళిద్దరూ నాకే డబ్బులివ్వాలి. ఆఫీసు పేపరూ పూర్తి చేసి సాయంత్రం సార్‌కి పంపాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి సార్ ఆదివారం పొద్దున చూసి అమెరికాకి పంపిస్తారు.

పేపర్లో హెంప్ రైతుది అరగంటలో అయిపోయింది. గంజాయి రైతు దగ్గరే నా ప్రతాపమంతా చూపించాను. విత్తనాలు, మట్టి, కుండీలు మాత్రం ఉంచాను. పొలం అద్దె కొట్టేశాను. మొక్కల మీద వెలిగే లైట్ల కరెంటు కొట్టేశాను. నీళ్ళ మోటారు కొట్టేశాను. కోత కూలీలను కొట్టేశాను. చివరికి చూస్తే ఆ రైతుకి చేతికొచ్చిన లాభం కంటే కట్టాల్సిన పన్ను ఎక్కువ తేలింది. ఎవరికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. ఎంత కఠినమైన చట్టాన్ని ఎంత బాగా పట్టుకున్నానని.

శుక్రవారం పొద్దున గ్యాస్ అయిపోయింది.

మా వీధిలోకి గ్యాస్ బండి హారన్ కొట్టుకుంటూ వస్తుంది. కిటికీలోంచి చెయ్యూపితే ఆపి సిలిండరు పైకి తెస్తారు. హారన్ వినపడింది. సరోజక్క కిటికీ దగ్గరికి వెళ్ళింది, చెయ్యూపింది. బండి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఎన్నని అడిగాడు. అక్క ఇంకోసారి చెయ్యూపింది, పొమ్మని. బండి వెళ్ళిపోయింది.

"అక్కా, గ్యాస్," అన్నాను.

"గ్యాస్ మనం తినం కదే," అంది సరోజక్క చల్లగా.

సరే, బయట రొట్టెలు తెచ్చుకుందామని లేచాను. శుక్రవారం నమాజు వేళ దగ్గరపడింది. మా వీధిలో కొట్లన్నీ షట్టర్లు దించేశాయి. మళ్ళీ తెరిచేసరికి రెండవుతుంది. కెటిల్‌లో నీళ్ళు కాచి నూడిల్స్ అయినా వేసుకుందామని స్విచ్ వెయ్యబోతే ముంతాజ్ ప్లగ్గు పీకేసింది.

"కరెంటు లెక్కలో లేదు," అంది. అంటూనే గోడ దగ్గరికి వెళ్ళి ఏసీ కూడా ఆపేసింది.

"ఏసీ ఎందుకు ఆపుతావ్ ముంతాజ్?"

"గంజాయి కొట్టుకి ఏసీ ఖర్చు రాదన్నావ్ కదా. నా జేబులోంచి నీకెందుకు చల్లగాలి?"

మస్కట్ వైపు ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పావుగంటలో గోడ కూడా వేడెక్కింది. సరోజక్క మాత్రం చాలా ప్రశాంతంగా మూడు ప్లేట్లు పెట్టింది. పొద్దున్నే నానబోసిన పెసరపప్పు కొంచెం, గుండ్రంగా తరిగిన వంకాయ నాలుగు ముక్కలు, ఒక పచ్చిమిర్చి. నా ప్లేట్లో అదనంగా గుప్పెడు బియ్యం.

"అన్నీ లెక్కలో ఉన్నవే వడ్డించాను. ఒక్కటి కూడా చట్టం దాటలేదు. తిను."

పెసరపప్పు బానే ఉంది. వంకాయ నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారింది. ముంతాజ్ చున్నీ చివరతో విసురుకుంటూ నన్నే చూస్తోంది. నాకు కోపం వచ్చింది, ఆకలి కూడా. ఇంత చదివి చెప్తుంటే వీళ్ళకి అర్థం కాదేంది అనిపించింది.

"నేను పెట్టిన రూల్ కాదక్కా ఇది. అమెరికాలో నిజంగా ఉంది. వాళ్ళకి ఇంతే."

"అయితే ఆ అమెరికా గంజాయి రైతు కూడా పచ్చిదే తింటాడా?"

"రైతు వేరు అక్కా, కొట్టువాడు వేరు. రైతు పండిస్తాడు. కొట్టువాడు తయారైంది కొని అమ్ముతాడు. కొట్టువాడికి కొన్న ఖరీదే సరుకు ఖరీదు. రైతుకైతే పండించడానికి అయిన ఖర్చు..."

అంతవరకూ చెప్పి ఆగాను. ఆ వీడియోలో ఆ మాట విన్నాను. విని ముందుకి జరిపేశాను.

సరోజక్క ఊరుకోలేదు. "ఊఁ, చెప్పు. పండించడానికి అయిన ఖర్చు?"

"సరుకు ఖరీదులో... కలుస్తుంది."

"మరి నేను చేసేదేంటి? బియ్యం కొని బియ్యమే మీ ప్లేట్లో పోత్తన్నానా? అన్నం చేత్తన్నాను. బియ్యం అన్నం అవ్వాలంటే మంట పెట్టాలా వద్దా? నేను కొట్టుదాన్నా, పండించేదాన్నా?"

నాకు చెమట పట్టింది. ఈసారి ఏసీ లేక కాదు.

ముంతాజ్ నెమ్మదిగా అడిగింది. "శైలూ, ఆఫీసు పేపర్లో ఉన్నది కొట్టా, రైతా?"

"రైతు."

"ఆ రైతు కరెంటు ఏం చేశావ్?"

"కొట్టేశా."

"కూలీలని?"

"కొట్టేశా."

"అయ్యబాబోయ్," అంది సరోజక్క. "కూలోళ్ళు లేకుండా ఆ చెట్టు దానంతటదే కోసుకుని గంపలో కూర్చుందంటావా?"

నేను ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. సార్ మూడోసారి రింగయ్యాక ఎత్తారు. నిద్రగొంతు.

"సార్, నేను పంపిన పేపర్లో తప్పుంది. అమెరికాకి పంపకండి."

"ఈరోజు శుక్రవారం."

"తెలుసు సార్. కానీ..."

"ఆదివారం," అన్నారు. పెట్టేశారు.

పంపనని అన్నట్టా, ఆదివారం పంపేస్తానని అన్నట్టా? ఆ ఒక్క మాటని నేను రెండు రోజులు నమిలాను. వంకాయ కంటే కష్టంగా ఉంది. వెనక్కి తిరిగేసరికి ఏసీ మళ్ళీ మోగుతోంది. వేసింది ముంతాజే. "మొహం చూసి వేశా, లెక్క చూసి కాదు," అంది. రెండింటికి కొట్లు తెరవగానే రొట్టెలూ పప్పూ తనే తెచ్చింది. సాయంత్రం సరోజక్క గ్యాస్ ఆఫీసుకి ఫోన్ చేసి సిలిండరు తెప్పించింది. డబ్బులు నేను ఇవ్వబోతే తీసుకోలేదు, ముందు పేపరు తెమ్మంది.

శనివారం పొద్దున వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాం. నేను పేపర్లో ఒక్కో ఖర్చూ చదవడం, సరోజక్క ఉల్లిపాయలు తరుగుతూ తీర్పు చెప్పడం. ఆమె దగ్గర ఒక్కటే ప్రశ్న. ఆ డబ్బు చెట్టు దాకా వెళ్ళిందా లేదా.

"గంజాయి రైతు నీళ్ళ మోటారు కరెంటు?"

"చెట్టుకే పోయింది. రానీ."

"పొలం అద్దె?"

"చెట్టు గాల్లో వేలాడదుగా. రానీ."

"కోత కూలీ?"

"ముందు అది రాయి."

"రోడ్డు మీద పెట్టిన పెద్ద బోర్డు?"

"బోర్డు చూసి చెట్టు పెరగదు. కొట్టేయ్."

"ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తే అమ్మాయి జీతం?"

సరోజక్క కత్తి ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఆ అమ్మాయి ఎప్పుడైనా చెట్టు ముట్టుకుందా?"

"లేదు."

"అయితే రాదు."

నా ఉద్యోగాన్ని నా చేత్తోనే ఎర్రపెన్నుతో కొట్టేశాను.

"పక్కపొలం హెంపోడికి మాత్రం బోర్డూ, ఫోనెత్తే పిల్లా అన్నీ వత్తాయా?" అని అడిగింది.

"అన్నీ వస్తాయక్కా. వాడిది మామూలు వ్యాపారం."

"ఒకే పొలం, ఒకే పని. మత్తు లేకపోతే అన్నీ వత్తాయి, మత్తుంటే చెట్టు చుట్టూ ఉన్నయ్యి మాత్రం వత్తాయి. అంతేగా? దీనికి రెండు వారాలు మమ్మల్ని చంపేవు."

నెల రోజులుగా నేను చూసిన వీడియోల్లో ఏ ఒక్కరూ ఇంత చిన్నగా చెప్పలేదు. చెప్పారేమో. నేను అంతవరకూ ఆగలేదు.

అది అయ్యాక మెస్ పుస్తకం కూడా తిరగరాశాం. గ్యాస్ వచ్చింది. కరెంటులో వంటింటి వంతు వచ్చింది. సబ్బు వచ్చింది, తోమని గిన్నెలో వండలేం కాబట్టి. టాక్సీ పోనూ రానూ వచ్చింది. ఆఖర్న సరోజక్క మెల్లగా అడిగింది, "ఏవే, పండించేవాడి కూలీ కూడా వత్తాదన్నావు కదా. మరి వండేదాని కూలీ?" నేను నోరు తెరిచేలోపే ముంతాజ్ పెన్ను లాక్కుని రాసేసింది. గురువారం నాకు వాళ్ళివ్వాల్సింది పోయి, శనివారానికి నేనే ఇద్దరికీ ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చేశాను. నోరు మూసుకుని ఇచ్చాను.

ఆదివారం అరగంట ముందే ఆఫీసుకి వెళ్ళాను. సార్ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. కంప్యూటర్లో నా పాత పేపరే తెరిచి ఉంది. భుజం మీది సంచి దించకుండానే అడిగాను.

"పంపేశారా సార్?"

"కూర్చో," అన్నారు. కూర్చోలేదు. "ఇది చదివాను. అమెరికా వాళ్ళకి పోలీసులు అనవసరం. నిన్నొక్కదాన్ని పంపితే చాలు, గంజాయి పండించేవాళ్ళందరూ ఏడ్చుకుంటూ మానేస్తారు."

"సార్, పంపారా?"

"పంపలేదు. శుక్రవారం నిద్ర చెడగొట్టి మరీ తప్పని చెప్పావు కదా."

కొత్త పేపరు ఇచ్చాను. సార్ చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఎలా తెలిసింది?"

ఏదైనా గొప్పగా చెప్పుకోవాలనిపించింది. కానీ రెండు రోజుల నుంచి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "మా రూమ్‌లో వంట చేసే అక్క చెప్పింది సార్."

"ఏం చదివింది?"

"ఐదు."

"నువ్వు?"

"ఇంటర్ సగం. మిగతాది వీడియోలు."

సార్ తలూపారు. "వీడియోలు తగ్గించు. ఆమె వండేటప్పుడు పక్కన కూర్చో."

పేపరు ఆ రోజే వెళ్ళింది. మంగళవారం జవాబొచ్చింది. ఇద్దరు రైతుల లెక్కా సరిపోయిందట. హెంప్ ఫైలు మా ఆఫీసుకే ఇచ్చారు. సార్ ప్రింటర్ పక్కనున్న బిల్లుల సంచులు పక్కకి నెట్టించి, రెండో టేబులు నాకు చూపించారు. నేను మెల్లగా కుర్చీలో కూర్చున్నాను. అటూ ఇటూ ఒకసారి తిరిగి చూశాను కూడా.

"ఈ ఫైలు నీకు ఎందుకిస్తున్నానో తెలుసా?" అన్నారు సార్.

"లేదు సార్."

"హెంప్ రైతుకి అన్నీ వస్తాయి. అద్దె రాస్తే వస్తుంది. జీతాలు రాస్తే వస్తాయి. కరెంటు, బోర్డు, టెలిఫోను ఏది రాసినా వస్తుంది. నువ్వు కొట్టేయాల్సింది ఏదీ లేదు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నీ తెలివి వాడాల్సిన చోటే రాదు. అందుకే ధైర్యంగా ఇస్తున్నా."

"థాంక్యూ సార్," అన్నాను, ఎంతో వినయంగా.

సాయంత్రం డ్యూటీ అయ్యి మెట్లు దిగుతూ, సార్ నన్ను ఎంత మెచ్చుకున్నారో రూమ్‌లో ఎలా చెప్పాలా అని ఆ మాటలే మళ్ళీ మనసులో అనుకుంటూ వస్తున్నాను. సగం మెట్లు దిగాక ఆగిపోయాను. ఈసారి మాత్రం ఆఖరి మాట దాకా విన్నాను, అర్థం కావడానికే ఇంతసేపు పట్టింది.